మూడో నంబరా, మూడో హెచ్చరికా? కోనసీమకు వచ్చే వాతావరణ అలర్టులను ఎలా చదవాలి?

మీ సొంతూరు రాజోలు పక్కన. ఉద్యోగం హైదరాబాద్‌లో. సెప్టెంబరు నెలాఖరు. ఆఫీసు నుంచి బయటికొస్తూ ఫోన్ తీస్తే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో వరసగా నాలుగు మెసేజ్‌లు. ఒకదాంట్లో 'కోనసీమకు రెడ్ అలర్ట్'. ఇంకోదాంట్లో 'కాకినాడ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక'. మూడోదాంట్లో 'ధవళేశ్వరం వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక'. నాలుగోది ఎవరో తీసిన స్క్రీన్‌షాట్. దానిమీద తేదీ లేదు, టైమూ లేదు.

ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అంటుంది: "మూడో నంబరు ఎగరేశారంట్రా. లంకలోళ్లని ఖాళీ చేయిస్తారేమో."

ఆమె కంగారులో తప్పేమీ లేదు. గోదావరి పక్కన బతికినవాళ్లకు 'మూడోది' అంటే ఆఖరిది, అన్నింటికంటే పెద్దది. కానీ పోర్టులో మూడో నంబరు అర్థం వేరు. రెండూ ఒకే జిల్లా జనం చెవిన పడతాయి, ఒకే టీవీలో ఒకే రోజు స్క్రోల్ అవుతాయి. అంకె ఒకటే, అర్థాలు రెండు.

ఈ గందరగోళాన్ని తగ్గించడానికే ప్రపంచమంతా ఒక ఉమ్మడి పద్ధతికి మారుతోంది. దాని పేరు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, పొట్టిగా 'క్యాప్'. మన దేశంలో 'సచేత్' పేరుతో మీ ఫోన్‌కు వచ్చే హెచ్చరికలన్నీ దీని మీదే నడుస్తున్నాయి. అసలు ఇదేంటి? పాత నంబర్లు, రంగులు ఏమవుతాయి? మెసేజ్ వచ్చినప్పుడు మీరు ఏం చూడాలి?

ఒక జిల్లా, నాలుగు కొలబద్దలు

డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లాకు ఒకవైపు బంగాళాఖాతం, మిగతా వైపుల గోదావరి పాయలు. సఖినేటిపల్లి, మలికిపురం, మామిడికుదురు, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన మండలాలకు సముద్రం నుంచి ముప్పు. కొత్తపేట వైపు వెళితే భయం సముద్రంతో కాదు, ఏటితో. అందుకే ఇక్కడివాళ్లు కనీసం నాలుగు రకాల హెచ్చరికలు వింటుంటారు.

మొదటిది పోర్టు నంబర్లు. ఇవి ఒకటి నుంచి 11 వరకు ఉంటాయి. వీటిని పెట్టింది ఓడల కోసం, ఊళ్ల కోసం కాదు. 1864 అక్టోబరులో కలకత్తాను పెను తుపాను ముంచెత్తింది. ఆ మరుసటి ఏడాది, 1865లో, అక్కడి ఓడరేవుకు తుపాను హెచ్చరికలు ఇవ్వడం మొదలైంది. భారత వాతావరణ శాఖ పుట్టింది ఆ తర్వాత పదేళ్లకు, 1875లో. అంటే శాఖ కంటే పోర్టు హెచ్చరికే పాతది.

రెండోది గోదావరి వరద హెచ్చరికలు. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు చేరితే రెండోది, 17 లక్షలకు చేరితే మూడోది. ఇక్కడ అంకె పెరిగితే ప్రమాదం పెరిగినట్టే. భద్రాచలంలో ఇవే మూడు హెచ్చరికలను అడుగుల్లో చెబుతారు: 43, 48, 53.

మూడోది వాతావరణ శాఖ జిల్లాలవారీగా ఇచ్చే రంగులు: ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు.

నాలుగోది తుపాను దశలు. తుపాను ఏర్పడే సూచన ఉంటే తీరాన్ని తాకడానికి 72 గంటల ముందు అధికార యంత్రాంగాన్ని అప్రమత్తం చేస్తారు. 48 గంటల ముందు 'తుపాను అలర్ట్', 24 గంటల ముందు 'తుపాను హెచ్చరిక', దాదాపు 12 గంటల ముందు 'తీరం దాటాక పరిస్థితి'పై అంచనా ఇస్తారు. ఈ చివరి మూడింటికీ పసుపు, నారింజ, ఎరుపు రంగులే వాడతారు. అంటే తుపాను బులెటిన్‌లో రంగు మారితే గడువు దగ్గర పడుతోందని అర్థం. రోజువారీ జిల్లా హెచ్చరికలో రంగు మారితే మీరు చేయాల్సింది మారిందని అర్థం. ఒకే రంగుకూ ఒకే అర్థం లేదు.

పదో నంబరు ఎనిమిది కంటే పెద్దదా?

'పోర్టులో పదో నంబరు ఎగరేశారంటే ఇక అయిపోయినట్టే' అనేది తీరంలో చాలామంది నమ్మకం. నిజం కొంచెం వేరు.

ఒకటి, రెండు నంబర్లు 'దూరంగా ఉంది' అని చెప్పేవి. అల్పపీడనమో వాయుగుండమో తుపానో ఎక్కడో సముద్రంలో ఉంది, రేవు విడిచి వెళ్లే ఓడలు జాగ్రత్తపడాలి. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. మూడో నంబరంటే రేవు దగ్గర ఈదురుగాలులు వీచే సూచన ఉంది. నాలుగంటే తుపాను ముప్పు ఉండొచ్చు, కానీ ప్రమాదం ఇంకా రేవు మీదికి రాలేదు.

ఐదు, ఆరు, ఏడు 'ప్రమాద' సంకేతాలు. ఎనిమిది, తొమ్మిది, పది 'మహా ప్రమాద' సంకేతాలు. మొదటి మూడింటికీ తర్వాతి మూడింటికీ మధ్య తేడా తుపాను తీవ్రతలో ఉంది. కానీ ఆ మూడు అంకెల మధ్య తేడా తీవ్రతలో లేదు, దారిలో ఉంది. తుపాను కదిలే దిక్కుగా చూస్తే రేవు దానికి ఎడమవైపు ఉంటే ఎనిమిది. కుడివైపు ఉంటే తొమ్మిది. తుపాను రేవు మీదుగానో, బాగా దగ్గరగానో తీరం దాటే సూచన ఉంటే పది. ఇక 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని.

2025 అక్టోబరు 28న 'మొంథా' తుపాను వచ్చిన రోజు గుర్తుందా? కాకినాడ పోర్టుకు పదో నంబరు. విశాఖపట్నం, గంగవరం పోర్టులకు తొమ్మిది. మచిలీపట్నానికి ఎనిమిది. తుపాను ఆగ్నేయం నుంచి వాయవ్యంగా కదులుతోంది. దాని ఎడమచేతి వైపు మచిలీపట్నం, కుడిచేతి వైపు విశాఖ, సూటిగా కాకినాడ వైపు దారి. మూడు అంకెలూ ఒకే తుపాను గురించి, ఒకే స్థాయి ప్రమాదం గురించి చెప్పాయి. ఓడ నడిపేవాడికి ఈ తేడా ప్రాణాధారం. అంతర్వేది పల్లిపాలెంలో పెంకుటింట్లో ఉన్నవాళ్లకు మాత్రం 'ఇప్పుడు నేనేం చేయాలి' అన్న ప్రశ్నకు జవాబు దీంట్లో దొరకదు.

రంగుల అసలు అర్థం

రంగులను జనం వర్షం పరిమాణంతో కలిపి చూస్తారు. కుండపోతైతే ఎరుపు, చినుకులైతే పసుపు అని. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో సుమారు 6.5 నుంచి 11.5 సెంటీమీటర్ల వాన పడితే 'భారీ', 11.6 నుంచి 20.4 వరకు 'అతిభారీ', అంతకు మించితే 'అత్యంత భారీ' వర్షం. కానీ రంగును నిర్ణయించేది ఈ కొలత ఒక్కటే కాదు. అది జరిగే అవకాశం ఎంత, జరిగితే నష్టం ఎంత అన్న రెండూ కలిపి చూస్తారు.

అందుకే రంగును వర్షం మీటరులా కాకుండా ఒక సూచనలా చదవాలి. ఆకుపచ్చ: చేయాల్సింది ఏమీ లేదు. పసుపు: గమనిస్తూ ఉండండి. నారింజ: సిద్ధంగా ఉండండి. ఎరుపు: ఇక కదలండి.

ఇంకో పరిమితి ఉంది. రంగు సాధారణంగా జిల్లా మొత్తానికి ఇస్తారు. ఓడలరేవుకు, ఆత్రేయపురానికి ఒకే ఎరుపు. కానీ ఓడలరేవులో భయం అలలు, ఈదురుగాలులు. ఆత్రేయపురంలో పంట మీద నీళ్లు, ఏటిగట్టు. ఎరుపు నిజమే, అయితే దేనికి, ఎక్కడ, ఎప్పటిదాకా?

క్యాప్: అందరూ నింపే ఒకే ఫారం

రేషన్ కార్డుకైనా పాస్‌పోర్టుకైనా దరఖాస్తులో గళ్లుంటాయి. పేరు రాసే గడిలో చిరునామా రాయలేం. గడి ఖాళీగా వదిలేస్తే తిప్పి పంపుతారు. క్యాప్ కూడా అలాంటి ఫారమే. హెచ్చరిక ఇచ్చే సంస్థ ఏదైనా, ప్రమాదం ఏదైనా, ఒకే గళ్లు నింపాలి. వాటిని మనుషులే కాదు, యంత్రాలూ చదవగలవు. అందువల్ల ఒకసారి నింపిన హెచ్చరిక ఎస్ఎంఎస్‌గా, యాప్ నోటిఫికేషన్‌గా, టీవీ స్క్రోల్‌గా, తీరంలో సైరన్‌గా ఒకేసారి వెళ్లగలదు. ఒక్కో చోట ఒక్కొక్కరు కూర్చుని మళ్లీ టైప్ చేయక్కర్లేదు. మధ్యలో అర్థం మారిపోయే అవకాశమూ తగ్గుతుంది.

ఈ ఆలోచనకు మూలం 2000 నవంబరులో అమెరికా ప్రభుత్వ నిపుణులు ఇచ్చిన ఒక నివేదిక. ఒక్కో సంస్థ ఒక్కో భాషలో హెచ్చరిస్తోందని, అన్నింటినీ కలిపే ప్రామాణిక పద్ధతి కావాలని అది చెప్పింది. 2004లో 'ఒయాసిస్' అనే ప్రమాణాల సంస్థ క్యాప్ తొలి వెర్షన్‌ను ఆమోదించింది. 2007లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దాన్ని తన ప్రమాణంగా తీసుకుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న 1.2 వెర్షన్ 2010లో వచ్చింది. 2027 చివరికి భూమ్మీద ప్రతి ఒక్కరికీ ముందస్తు హెచ్చరిక అందాలన్నది ఐక్యరాజ్యసమితి 2022లో పెట్టుకున్న లక్ష్యం. ప్రపంచ వాతావరణ సంస్థ ఆ లక్ష్యం కోసం అన్ని దేశాలనూ క్యాప్‌లోకి రమ్మంటోంది.

క్యాప్ తెచ్చిన పెద్ద మార్పు ఒకటుంది. మనం 'ప్రమాదం' అనే ఒక్క మాటలో కలిపేసే మూడు విషయాలను అది విడగొట్టింది.

మొదటిది తొందర. వెంటనే కదలాలా, కాసేపట్లోనా, రేపూ ఎల్లుండీనా? రెండోది తీవ్రత. వస్తే ప్రాణాల మీదికి వస్తుందా, ఇబ్బందితో పోతుందా? మూడోది నమ్మకం. ఇప్పటికే కనిపిస్తోందా, సగానికి పైగా అవకాశం ఉందా, ఉండొచ్చేమో అన్న స్థాయిలోనే ఉందా?

మూడు రోజుల దూరంలో ఉన్న తుపానును తీసుకోండి. తీవ్రత చాలా ఎక్కువ కావచ్చు. నమ్మకం ఇంకా తక్కువ, తొందర లేదు. అప్పుడు చేయాల్సింది ఇన్వర్టర్ చూసుకోవడం, మందులు తెచ్చుకోవడం. అదే మీ మండలం మీదికి వస్తున్న పిడుగుల మేఘం అయితే తొందర, నమ్మకం రెండూ ఎక్కువే. అప్పుడు చేయాల్సింది ఒకటే, లోపలికి పరిగెత్తడం. రెండింటికీ 'రెడ్ అలర్ట్' అనే ఒక్క మాటే వాడితే ఈ తేడా పోతుంది.

ఒక సందేశాన్ని విప్పి చూద్దాం

కింద ఉన్నది నిజంగా వచ్చిన హెచ్చరిక కాదు. గళ్లు ఎలా ఉంటాయో చూపించడానికి రాసిన నమూనా మాత్రమే.

పంపింది: రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ
స్థితి: నిజమైనది
రకం: సవరణ
ప్రమాదం: పిడుగులతో గాలివాన
తొందర: వెంటనే
తీవ్రత: ఎక్కువ
నమ్మకం: జరిగే అవకాశం ఎక్కువ
ప్రాంతం: సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు మండలాలు
సమయం: మధ్యాహ్నం 2.40 నుంచి సాయంత్రం 4.40 వరకు
చేయాల్సింది: పక్కా భవనంలోకి వెళ్లండి. చెట్ల కింద, పొలాల్లో ఉండొద్దు

ఇందులో 'స్థితి' గడి ఎందుకు? నిజమైన హెచ్చరికో, డ్రిల్లో, పరీక్షో చెప్పడానికి. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయి దీవుల్లో జనం ఫోన్లకు 'క్షిపణి దూసుకొస్తోంది' అని సందేశం వెళ్లింది. అది డ్రిల్ సమయంలో పొరపాటున వెళ్లిన మెసేజ్. అది తప్పని చెబుతూ రెండో సందేశం ఫోన్లకు రావడానికి 38 నిమిషాలు పట్టింది. పంపడం ఎంత ముఖ్యమో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే ముఖ్యమని ఆ ఘటన చెప్పింది.

అందుకే 'రకం' గడిలో కొత్త హెచ్చరిక, సవరణ, రద్దు అని వేర్వేరుగా ఉంటాయి. సవరణ వస్తే పాతది చెల్లదు. మీ గ్రూపులో తిరిగే స్క్రీన్‌షాట్‌కు ఆ సంగతి తెలియదు. ఉదయం 9 గంటలకు ఇచ్చిన హెచ్చరిక రద్దయినా, స్క్రీన్‌షాట్ రాత్రిదాకా తిరుగుతూనే ఉంటుంది.

'చేయాల్సింది' గడికీ వెనుక కోడ్ ఉంది. ఆశ్రయం తీసుకోండి, ఖాళీ చేయండి, సిద్ధపడండి, ఆ వైపు వెళ్లొద్దు, గమనిస్తూ ఉండండి, ప్రమాదం తప్పింది. ఈ ఆఖరుది చాలామంది పట్టించుకోరు. గాలి తగ్గిందని తుపాను షెల్టర్ నుంచి ఇంటికి బయల్దేరేవాళ్లు ఎదురుచూడాల్సింది ఈ మాట కోసమే.

'ప్రాంతం' గడిలో మండలం పేరే కాదు, మ్యాప్ మీద గీసిన హద్దు కూడా ఇవ్వొచ్చు. జిల్లా మొత్తాన్ని కాకుండా, తీరం వెంట ఉన్న ఊళ్లనే చుట్టి హెచ్చరించడం దీనివల్లే సాధ్యం.

మన దేశంలో ఎలా నడుస్తోంది?

2004 డిసెంబరు 26 సునామీ మన తీరానికి పెద్ద పాఠం. సుమత్రా దగ్గర భూమి కంపించిన తర్వాత అలలు ఇక్కడికి చేరడానికి గంటల సమయం ఉంది. కానీ ఆ సమాచారాన్ని తీరంలో ఉన్న మనిషికి చేర్చే దారి లేదు. 2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది. మిగిలింది ఆఖరి మజిలీ, అంటే సమాచారాన్ని జేబులో ఫోన్ దాకా తేవడం.

దానికోసం జాతీయ విపత్తుల నిర్వహణ సంస్థ క్యాప్ ఆధారంగా 'సచేత్' వ్యవస్థను తెచ్చింది. దీన్ని తయారుచేసింది కేంద్ర టెలికాం శాఖ కింద ఉన్న సీ-డాట్. ముందు తమిళనాడులో ప్రయోగాత్మకంగా నడిపి, తర్వాత రూ.354.83 కోట్ల ప్రాజెక్టుగా అన్ని రాష్ట్రాలకూ విస్తరించారు.

పని ఇలా సాగుతుంది. వర్షం, తుపాను గురించి వాతావరణ శాఖ చెబుతుంది. నదుల గురించి కేంద్ర జల సంఘం, సముద్రం గురించి ఇన్‌కాయిస్ చెబుతాయి. ఆ సమాచారం తాడేపల్లిలోని ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ తెరపైకి వస్తుంది. ఏ ప్రాంతానికి, ఏ భాషలో, ఏ దారిలో పంపాలో అక్కడ నిర్ణయిస్తారు. తర్వాత టెలికాం కంపెనీలు ఆ ప్రాంతంలోని టవర్ల పరిధిలో ఉన్న ఫోన్లకు పంపుతాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మెసేజ్ వెళ్లేది ఆ టవర్ కింద ఉన్న ఫోన్‌కు. మీ ఆధార్‌లో ఊరు రాజోలు అని ఉన్నా, మీరు హైదరాబాద్‌లో ఉంటే రాజోలు హెచ్చరిక మీ ఫోన్‌కు రాదు. అమ్మ ఫోన్‌కు వస్తుంది. ఆవిడ చదవగలరా, ఫోన్ ఛార్జింగ్‌లో ఉందా అన్నది వేరే ప్రశ్న. సచేత్ యాప్‌లో మీరు ఉన్న చోటే కాకుండా వేరే జిల్లాను కూడా ఎంచుకోవచ్చు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకు దీంతో ఎక్కువ ఉపయోగం అక్కడే.

ఎస్ఎంఎస్‌కు, ఆ పెద్ద చప్పుడుకు తేడా ఏంటి?

2023లో ఓ రోజు దేశంలో చాలా ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగి, తెర మీద ఒక పరీక్ష సందేశం కనిపించింది. మీకూ వచ్చి ఉంటుంది. అది సెల్ బ్రాడ్‌కాస్ట్.

ఎస్ఎంఎస్ ఉత్తరం లాంటిది. ఒక్కో నంబరుకు విడివిడిగా వెళ్లాలి. లక్షల ఫోన్లకు పంపితే వరసలో ఆలస్యమవుతుంది. సెల్ బ్రాడ్‌కాస్ట్ ఊళ్లో మైకు లాంటిది. టవర్ ఒక్కసారి చెబితే దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. మీ నంబరు దానికి అక్కర్లేదు. ఎంచుకున్న సెట్టింగ్‌ను బట్టి సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. పిడుగు, ఆకస్మిక వరద లాంటి నిమిషాల లెక్క ప్రమాదాలకు ఇదే సరైన దారి.

చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' అని వెతికితే ఇది కనిపిస్తుంది. చికాకుగా ఉందని ఆ చప్పుడును ఆపేసినవాళ్లు మళ్లీ ఆన్ చేసుకోవాలి. ఊళ్లో పెద్దవాళ్ల ఫోన్‌లోనూ చూడండి.

కోడ్ కూడా దాటలేని చోట్లు

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమను తాకింది. వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. చనిపోయినవాళ్లలో, ఆచూకీ లేకుండా పోయినవాళ్లలో చాలామంది వేటకు వెళ్లిన మత్స్యకారులు. లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. ఆ తరంవాళ్లు ఇప్పటికీ కాలాన్ని 'తుపానుకు ముందు, తర్వాత' అని లెక్కపెడతారు.

ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత మొంథా వచ్చింది. అక్టోబరు 28 అర్ధరాత్రి సమయంలో నర్సాపురం సమీపంలో, దక్షిణంగా, గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగపు గాలులతో తీరం దాటింది. 1996 నాటి గాలుల కంటే ఇవి బలహీనమే. కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చలేం. కానీ ఈసారి తుపాను దారి రోజుల ముందే తెలుసు. వేట ఆపేశారు, లోతట్టు ఊళ్లను ఖాళీ చేయించారు, ఫోన్లకు హెచ్చరికలు వెళ్లాయి. అయినా మామిడికుదురు మండలంలో తాటిచెట్టు ఇంటి మీద పడి ఒక మహిళ చనిపోయారు. జిల్లాకు ఏ రంగు ఇచ్చినా, ఏ ఇంటి పక్కన ఏ చెట్టు బలహీనంగా ఉందో ఏ కోడూ చెప్పదు. అది ఆ ఇంటివాళ్లూ పొరుగువాళ్లూ చూసుకోవాల్సిందే.

ఇంకొన్ని లోటులున్నాయి. సముద్రంలో కొంత దూరం వెళ్లాక సెల్ టవర్ ఉండదు. అక్కడ పడవకు హెచ్చరిక చేరాలంటే ఉపగ్రహమే దిక్కు. ఇన్‌కాయిస్ 2019లో తెచ్చిన 'జెమినీ' పరికరం ఇందుకోసమే. తుపాను రాత్రి కరెంటు పోతే టవర్లూ మూగబోవచ్చు. అప్పుడు పనికొచ్చేవి సైరన్, మసీదు, గుడి, చర్చి మైకులు, ఊళ్లో దండోరా, బ్యాటరీ రేడియో. కోడ్ ఒకటే కావడం వల్ల ఈ దారులన్నింటికీ ఒకే మాట అందించడం తేలికవుతుంది. కానీ ఆ దారులు ఉండాలి.

భాష మరో చిక్కు. క్యాప్‌లో ఒకే హెచ్చరికను ఎన్ని భాషల్లోనైనా జతచేయొచ్చు. కానీ అనువాదం సరిగా ఉండాలి కదా! మొంథా సమయంలో సముద్రం మామూలు పోటు కంటే దాదాపు ఒక మీటరు ఎత్తున లోపలికి రావొచ్చని వాతావరణ శాఖ చెప్పింది. దీనికి తెలుగు మాట 'ఉప్పెన'. తీరంలో ఆ మాట వింటే గుర్తొచ్చేది 1977 దివిసీమ. ఒక మీటరుకు ఉప్పెన అని రాస్తే జనం హడలిపోతారు. 'అలల ఉద్ధృతి' అని రాసి తేల్చేస్తే ఎవరూ కదలరు. సరైన దారి ఎత్తు, చోటు చెప్పడమే: 'ఫలానా ఊళ్లలో నీళ్లు నడుము దాకా రావొచ్చు.' మాకూ, అంటే వార్తలు రాసేవాళ్లకూ, ఇదే పాఠం. 'మూడో నంబరు ఎగరేశారు' అని రాసి ఊరుకోకుండా, అది పోర్టుదా గోదావరిదా, దాని అర్థం ఏంటి అన్నది అదే వాక్యంలో చెప్పాలి.

పాత నంబర్లు పోతాయా?

పోవు. ఓడలకు పోర్టు నంబరు కావాలి. గట్టు కాపలా కాసేవాళ్లకు క్యూసెక్కులు కావాలి. సఖినేటిపల్లి రేవులో నర్సాపురం పంటు నడపాలా ఆపాలా అనేది తేలేది గోదావరి లెక్కతోనే. క్యాప్ వీటి స్థానంలోకి రాదు. వీటన్నింటినీ ఒకే ఫారంలో పెట్టి, మామూలు మనిషికి కావాల్సిన మూడు సంగతులు చెబుతుంది: ఎక్కడ, ఎప్పటిదాకా, ఏం చేయాలి.

మెసేజ్ వస్తే మీరు చూడాల్సినవి

ఒకటి, పంపింది ఎవరో చూడండి. వాతావరణ శాఖ, విపత్తుల నిర్వహణ సంస్థ, జిల్లా యంత్రాంగం కాకపోతే అధికారిక పేజీలో సరిచూసుకోండి.

రెండు, గడువు చూడండి. ఉరుములు, గాలివానలపై వాతావరణ శాఖ తక్షణ సూచనలకు మూడు గంటలే గడువు. గడువు దాటిన హెచ్చరిక నిన్నటి పేపరుతో సమానం.

మూడు, మండలం చూడండి. జిల్లా పేరు చూసి కంగారు పడొద్దు, మీ మండలం లేదని తేలిగ్గా కూడా తీసుకోవద్దు. తర్వాతి సవరణలో హద్దు మారొచ్చు.

నాలుగు, అంకె కనిపిస్తే 'దేనికి' అని అడగండి. గోదావరి మూడంటే 17 లక్షల క్యూసెక్కులు. పోర్టు మూడంటే ఈదురుగాలుల సూచన.

ఐదు, ఫార్వర్డ్ చేసేటప్పుడు టైమును కత్తిరించొద్దు. రద్దు సందేశం వస్తే దాన్నీ అదే గ్రూపులో పెట్టండి.

ఆరు, పిడుగుల హెచ్చరిక వస్తే ఫోన్ లేనివాళ్లకు చెప్పండి. చేలో నాట్లు వేసేవాళ్లు, కొబ్బరి చెట్టెక్కిన దింపు కార్మికులు ఆ సమయానికి ఫోన్ చూడరు.

సాయం కావాలంటే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070, 1800 425 0101.

మళ్లీ ఆ సాయంత్రం ఫోన్ దగ్గరికి వద్దాం. అమ్మ 'మూడో నంబరు' అన్నప్పుడు మీరు అడగాల్సింది ఒక్కటే: "అమ్మా, పోర్టుదా, గోదావరిదా?" పోర్టుదైతే వాకిట్లో ఎగిరిపోయే రేకులు లోపల పెట్టించండి, తర్వాతి బులెటిన్ కోసం చూడండి. గోదావరిదైతే లంకలో ఉన్న చుట్టాలకు వెంటనే ఫోన్ చేయండి, గట్టు ఇవతలికి రమ్మనండి.